‘తప్పదు’ అన్నవాడు ఏ గడిలో?

కట్టప్ప మంచివాడా, చెడ్డవాడా?

2015 నుంచి 2017 దాకా ఊరూవాడా ‘ఎందుకు చంపాడు’ అనే ఒక్క ప్రశ్నతో గడిపేశాయి. జవాబు తెలిశాక అందరూ ఇళ్లకెళ్లిపోయారు. నాలాంటి కొంతమందికి మాత్రం అసలు పంచాయితీ అక్కడే మొదలైంది. ‘మామా’ అని పిలిచే మనిషి వెన్నులో కత్తి దించాడు. కోపంతో కాదు, డబ్బు కోసమూ కాదు. సింహాసనానికి ఇచ్చిన మాట కోసం. సరే, మరి అతన్ని ఏ గడిలో వెయ్యాలి?

గడి అంటే ఏంటో చెప్తాను. ఈ వారం కబుర్లన్నీ దాని చుట్టూనే.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట ఉంది. పేరు వినే ఉంటారు, ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని ఆడేది అదే. స్క్రీన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నలుగురైదుగురు మనుషులు, కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచిక ఉంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు. వాళ్లని డంజియన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. హరికథ అనుకోండి. కాకపోతే దాసుగారు ‘అప్పుడు రాముడు లేడి వెంట...’ అనగానే ముందు వరసలోవాడు లేచి ‘ఆగండి, మా రాముడు వెళ్లడు’ అనొచ్చు. అన్నాక దాసుగారు కథ మార్చుకోవాల్సిందే.

మా బ్యాచ్ ఐదుగురం. కొండాపూర్‌లో ఒక ఫ్రెండ్ ఫ్లాట్. ఆదివారం బిర్యానీ తర్వాత మొదలుపెడితే, రాత్రి ఎవరో ఒకరి ఇంటి నుంచి ‘ఎక్కడ చచ్చావ్’ అని ఫోన్ వచ్చేదాకా సాగుతుంది. అందరం సాఫ్ట్‌వేర్ వాళ్లమే. డీఎం మాకంటే సీనియర్, అందరం అక్కా అంటాం.

ఈ ఆటలో ప్రతి పాత్రకీ ఒక షీట్ ఉంటుంది. బలం ఎంత, తెలివి ఎంత, సంచిలో ఎన్ని బాణాలు, అన్నీ రాసుకోవాలి. అందులో ఒక గడి పేరు ‘అలైన్‌మెంట్’. అంటే ఈ మనిషి ధర్మం ఎటువైపు అని. 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని బయటికి తెచ్చినప్పుడు మూడే రకాలుండేవి: లా, న్యూట్రాలిటీ, కేయాస్. ఈ ఆలోచన వాళ్ల సొంతం కాదు. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ రాసిన ఫ్యాంటసీ నవలల్లోంచి వచ్చింది. కొన్నేళ్లకి దీనికి మంచి, చెడు అనే రెండో కొలత కలిసింది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేసరికి మూడు మూళ్లు తొమ్మిది గడులయ్యాయి.

నిలువుగా గుడ్, న్యూట్రల్, ఈవిల్. అడ్డంగా లాఫుల్, న్యూట్రల్, కేయాటిక్. లాఫుల్ అంటే చట్టం ఒక్కటే కాదు. ఇచ్చిన మాట, కట్టుబాటు, పద్ధతి. కేయాటిక్ అంటే ఎవడి మనసు వాడికి చట్టం. ధర్మరాజు లాఫుల్ గుడ్. ఉన్నవాణ్ని దోచి లేనివాడికి పెట్టే రాబిన్‌హుడ్ కేయాటిక్ గుడ్. కట్టప్పని మేం చాలాకాలం లాఫుల్ న్యూట్రల్‌లో కూర్చోబెట్టాం. ఇక ‘నా పాత్ర కేయాటిక్ న్యూట్రల్ బ్రో’ అన్నవాడు సగంసార్లు చెప్పేది ఒక్కటే: ‘నేను మీ అందరి జేబులూ కొడతాను, నన్నేమీ అనకండి.’

చూడ్డానికి చక్కగా ఉంది కదా. ఎక్సెల్ షీట్‌లో తొమ్మిది సెల్స్. కానీ ఈ పటంలో ఒక గుణానికి మాత్రం చోటు లేదు. కాఠిన్యం. దయాదాక్షిణ్యాలు పక్కన పెట్టి పని పూర్తిచేసే తత్వం. అది తొమ్మిది గడుల్లో ఎక్కడైనా ఇముడుతుంది. రాక్షసుడూ కత్తి దింపుతాడు, సాధువూ దింపుతాడు. ఇద్దరూ చెప్పే మాట కూడా ఒక్కటే: ‘తప్పదు.’ అందుకే ఈ ఆట ఆడేవాళ్లు యాభై ఏళ్లుగా కొట్టుకునేది అలాంటి పాత్రల గురించే.

మా బ్యాచ్‌లో ఆ కొట్లాట పోయినేడాది వచ్చింది.

కథలో మేం ఒక గోబ్లిన్ల శిబిరం దగ్గరికి వెళ్తున్నాం. గోబ్లిన్ అంటే పొట్టిగా, పచ్చగా, చెవులు పెద్దగా ఉండే జాతి. దారిలో వాళ్ల వేగు ఒకడు దొరికాడు. కుర్రవాడు. మా రోగ్, అంటే దొంగ పాత్ర ఆడే అమ్మాయి, వాడి కట్ల ముందు కూర్చుని అరగంట మాట్లాడింది. శిబిరంలో ఎంతమంది, కాపలా ఎప్పుడు మారుతుంది, అన్నీ చెప్తే వదిలేస్తానని మాటిచ్చింది. వాడు చెప్పాడు. ఆమె కట్లు విప్పబోతుంటే మా పాలడిన్ ముందుకొచ్చి ఒక్క వేటుతో వాణ్ని చంపేశాడు.

పాలడిన్ అంటే ఒట్టు పెట్టుకుని కత్తి పట్టిన యోధుడు. ఆ ఒట్టు నుంచే అతనికి శక్తులొస్తాయి. మావాడి షీట్ మీద పెద్దక్షరాలతో లాఫుల్ గుడ్ అని ఉంది.

‘ఒరేయ్, ఏంట్రా ఇది?’ అన్నాను నేను.

‘వదిలితే వాడు నేరుగా శిబిరానికే పోతాడు. రాత్రికి మనం ఐదుగురం చస్తాం. వాళ్లు ఎత్తుకెళ్లిన ఊరివాళ్లు చస్తారు. ఒక్కడా, ఇరవై మందా? తప్పదు బ్రో.’

లెక్క తప్పు కాదు. అదే చిక్కు. ఆ తర్వాత రెండు గంటలు పాచిక ఎవరూ ముట్టలేదు.

పాత రూల్స్ ప్రకారమైతే అంత చర్చ అక్కర్లేదు. 1978 పుస్తకంలో పాలడిన్ లాఫుల్ గుడ్ అయి తీరాలి. పద్ధతి తప్పిన పని తెలిసి చేస్తే ఒక పెద్ద పూజారి దగ్గర ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. చెడ్డపని తెలిసి, కావాలని చేస్తే మాత్రం ఆ క్షణమే శక్తులు పోతాయి, మళ్లీ రావు. మనకిది కొత్తేం కాదు. ధర్మరాజు రథం నేలకి నాలుగంగుళాల పైన నడిచేది. అశ్వత్థామ పేరు మీద ఆ ఒక్క అర్ధసత్యం చెప్పగానే నేలకి దిగింది. గైగాక్స్ భారతం చదివాడని నేననను. కానీ పాలడిన్ పతనానికి అంతకంటే మంచి బొమ్మ నాకెక్కడా దొరకలేదు. ధర్మరాజు ఎవరినీ చంపలేదు, ఒక మాట గొంతు తగ్గించి పలికాడు, అంతే. అయినా రథానికి తెలిసిపోయింది.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఆ రథం లేదు. పాలడిన్ ఏ గడిలోనైనా ఉండొచ్చు, తన ఒట్టుకి కట్టుబడితే చాలు. మావాడు పెట్టుకున్నది ప్రతీకారపు ఒట్టు. పెద్ద చెడుతో ముందు పోరాడాలి, దుర్మార్గుడి మీద దయ చూపకూడదు, అందుకు ఏ దారైనా సరే. ఈ మూడూ వాడికి కంఠతా వచ్చు. నాలుగోది ఒకటుంది, దాన్నెవరూ పెద్దగా తలుచుకోరు: శత్రువు వల్ల జనం నష్టపోతే అది నేను అతన్ని ఆపలేకపోయినందుకే, కాబట్టి ఆ నష్టపోయినవాళ్లకి నేనే సాయం చెయ్యాలి. అంటే కాఠిన్యానికి అనుమతి ఇచ్చిన పుస్తకమే బాకీ కూడా రాసిపెట్టింది. ఇలాంటి పాత్ర ఆడేవాళ్లు అనుమతి చదివి, బాకీ పేజీ తిప్పేస్తారు.

అక్క రెండు గంటలు విని ఒక్కటే అడిగింది. ‘వాడికి వేరే దారి ఏదైనా ఉందేమో చూశావా? చెట్టుకి కట్టేసి పోవచ్చు, నోట్లో గుడ్డ పెట్టి మోసుకుపోవచ్చు, మీ విజర్డ్ దగ్గర నిద్రపుచ్చే మంత్రం ఉంది. అడిగావా?’

ఆ విజర్డ్ నేనే. నన్నెవరూ అడగలేదు.

‘టైమ్ లేదక్కా’ అన్నాడు వాడు.

‘టైమ్ ఎంతుందో చెప్పేది నేను కదరా. నేనేం తొందరపెట్టలేదు’ అంది అక్క.

ఈ ముక్క నాలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కఠినమైన పాత్రల గురించి వాదించేటప్పుడు మనం ఎప్పుడూ వాడి మనసులోకి తొంగిచూస్తాం. ఉద్దేశం మంచిదా, చెడ్డదా అని. నాకేమో చూడాల్సింది మనసు కాదనిపిస్తుంది. ‘తప్పదు’ అనే ఆ మాటనే పట్టుకుని చూడాలి. తప్పదని ఎవరు తేల్చారు? ఎంతసేపు వెతికాక తేల్చారు? అయ్యాక ఖర్చు ఎవరి ఖాతాలో పడింది?

ఇలా చూస్తే పాత వివాదాలు వేరేగా కనిపిస్తాయి. ఉదాహరణకి గైగాక్స్‌నే తీసుకోండి. 2005లో ఆటగాళ్లు ఆయన్నే అడిగారు: లొంగిపోయిన శత్రువుని పాలడిన్ చంపొచ్చా అని. చంపొచ్చన్నాడు. ఆ సందర్భంలో షివింగ్‌టన్ అనే కల్నల్‌కి అంటగట్టే ఒక మాటని గుర్తు చేసి, అది కళ్లముందు కనిపించే నిజమేనన్నాడు. ఆ మాటకి మన భాషలో అర్థం: ఈపులే రేపు పేలవుతాయి. షివింగ్‌టన్ ఎవరంటే, 1864 నవంబర్ 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర షయాన్, అరాపహో జనం మకాం మీద సైన్యంతో పడ్డవాడు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఈపుల సంగతి అన్నది ఆ పిల్లల గురించి.

ఆటని కనిపెట్టిన మనిషి కదా అని నేనిక్కడ తల ఊపను. గైగాక్స్ లాజిక్ ప్రకారం గోబ్లిన్ పుట్టుకతోనే చెడ్డది, పుస్తకంలో దాని పేరు పక్కనే ఈవిల్ అని అచ్చయి ఉంది, కాబట్టి దాన్ని చంపితే పాపం అంటదు. ఇక్కడ ‘తప్పదు’ అని తేల్చింది కత్తి పట్టినవాడు కూడా కాదు. అచ్చయిన ఒక్క పదం. వెతుకులాట సున్నా. గడి ముందే నింపేసి ఉంటే ఎవడైనా లాఫుల్ గుడ్‌గానే మిగులుతాడు. ఆట ప్రచురించే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కూడా చివరికి 2020లో, ఓర్క్‌లు, డ్రో లాంటి జాతుల్ని మొత్తంగా దుర్మార్గులుగా చూపే పద్ధతి నుంచి బయటికొస్తున్నామని ప్రకటించింది. పాత ఆటగాళ్లు చాలామంది విసుక్కున్నారు. ‘ఆటలో కూడా మానవ హక్కులేనా’ అని మావాడూ అన్నాడు. గోబ్లిన్లకి హక్కులుంటాయా ఉండవా నాకు తెలీదు గానీ, మన పాత్రకి ‘ఆలోచించడం’ అనే పని ఉంటుంది. దాన్ని పుస్తకం చేసేస్తే ఇక ఆడటానికి ఏం మిగిలింది?

ఈ బాపతులో అన్నిటికంటే పెద్ద కేసు ఆర్థస్‌ది. నా వయసువాళ్లలో ఇంటర్నెట్ కేఫ్‌లలో పెరిగినవాళ్లకి పరిచయం చెయ్యక్కర్లేదు. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ త్రీ. ఆర్థస్ ఒక రాజకుమారుడు, పాలడిన్ కూడా. రాజ్యంలో తెగులు పట్టిన ధాన్యం పంచారు, అది తిన్నవాళ్లు చచ్చి, శవాలై లేచి నడుస్తున్నారు. స్ట్రాథోమ్ అనే నగరానికి చేరేసరికి ధాన్యం అప్పటికే ఇళ్లలోకి వెళ్లిపోయింది. తిన్నవాళ్లు ఇంకా మనుషులే, కానీ ఎంతోసేపు ఉండరు. ఆర్థస్ నగరం మొత్తాన్నీ నరికేయమంటాడు. అతని గురువు ఉథర్ ఒప్పుకోడు. ప్రేమించిన జైనా వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది.

తర్వాత ఆట మీ చేతికిస్తుంది. మాల్‌గానిస్ అనే రాక్షసుడు వంద మందిని తనవైపు తిప్పుకునేలోపు మీరు వంద మందిని చంపాలి. స్క్రీన్ మీద రెండు లెక్కలు పరిగెడుతుంటాయి. నేను మొదటిసారి ఆడినప్పుడు నా ధ్యాసంతా ఆ అంకెల మీదే. ముప్పై, నలభై, త్వరగా, త్వరగా. ఇళ్ల తలుపులు పగలగొడుతున్నానన్న సంగతి గెలిచాక గుర్తొచ్చింది.

ఆర్థస్ చేసింది రైటా, తప్పా అని ఇరవై ఏళ్లకి పైగా జనం వాదిస్తూనే ఉన్నారు. 2008లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అదే సంఘటనకి ఆటగాళ్లని తీసుకెళ్లి, చరిత్ర మారకూడదు కాబట్టి ఆర్థస్‌కి తోడుండి నరకమన్నారు. మళ్లీ తప్పదే! ఇంజనీర్‌గా నాకు అనిపించేది చెప్తాను. అక్కడ ‘తప్పదు’ అన్నది ఆర్థస్ కాదు, లెవెల్ డిజైన్ చేసినవాడు. మూడో బటన్ పెట్టలేదు. తిన్నవాళ్లని విడదీసే దారి, తలుపులు మూసి ఒక రాత్రి ఆగే దారి, ఏదీ కోడ్‌లో లేదు. రిక్వైర్‌మెంట్‌లోనే ఒక్క దారి రాసి, డెవలపర్‌ని ‘నువ్వెందుకిలా చేశావ్’ అంటే ఎలా?

అందుకే నన్నడిగితే ఆర్థస్ గడి మారింది స్ట్రాథోమ్‌లో కాదు. ఆ తర్వాత, నార్త్‌రెండ్ మంచులో. రాక్షసుణ్ని తరుముతూ అక్కడికి వెళ్తాడు. సైన్యాన్ని వెనక్కి రమ్మని ఇంటి నుంచి ఆజ్ఞ వస్తుంది. వాళ్లు వెళ్లకుండా, కిరాయి సైనికుల్ని పెట్టి తన ఓడల్నే తగలబెట్టిస్తాడు. తన మనుషులు పరిగెత్తుకొచ్చేసరికి, వీళ్లే మన ఓడలు కాల్చారని ఆ కిరాయివాళ్ల వైపే వేలు చూపిస్తాడు. వాళ్లని చంపేస్తారు. ఇక్కడ వంద అంకె లేదు, తెగులు లేదు. చేసిన పనికి ఖర్చు కట్టాల్సొచ్చింది, అది ఇంకొకడి ఖాతాలో రాసేశాడు. స్ట్రాథోమ్‌లో కత్తి తనే పట్టాడు, పేరూ తనే మోశాడు, గురువునీ ప్రేమనీ పోగొట్టుకున్నాడు. ఓడల దగ్గర ఏమీ పోగొట్టుకోలేదు. శాపం పట్టిన ఆ ఫ్రాస్ట్‌మోర్న్ కత్తి చేతికి రాకముందే ఆ మనిషి అయిపోయాడు.

దీనికి ఎదురుగా డ్రాగన్ ఏజ్‌లో డంకన్ ఉన్నాడు. 2009 నాటి ఆట, దీనికి తొమ్మిది గడుల పటం అసలు లేదు. కొత్తగా చేరేవాళ్లు ఒక విషపు పాత్రలోంచి తాగాలి, బతికితే వార్డెన్ అవుతారు. జోరీ అనే అతను మొదటివాడు చచ్చిపోవడం చూసి కత్తి తీస్తాడు, ఇంట్లో భార్య గర్భవతి. డంకన్ అతన్ని పొడిచేస్తాడు, క్షమించమంటూనే. డంకన్ దుర్మార్గుడని ఎవరూ అనరు. ప్రపంచం అంతమైపోతోంది, రహస్యం దాగాలి, అన్నీ నిజమే. కానీ ఆఫర్ లెటర్‌లో లేని షరతుని జాయినింగ్ రోజు చూపించి, ‘ఇప్పుడు వద్దంటే కుదరదు’ అంటే ఎవరైనా కత్తి తీస్తారు కదండీ.

మళ్లీ కొండాపూర్‌కి వద్దాం. అక్క తీర్పు చెప్పింది. పాలడిన్ ఒట్టు తప్పలేదు, శక్తులు పోవు, గడి మార్చమని కూడా అడగను అంది. మావాడు విజయగర్వంతో కూల్‌డ్రింక్ అందుకున్నాడు. శిబిరం మీద దాడి కూడా బాగానే జరిగింది, ఊరివాళ్లు బయటపడ్డారు. అయితే ఆ రోజు నుంచి ఒక్క గోబ్లిన్ కూడా మాకు లొంగలేదు. చేతులెత్తినవాణ్ని, మాటిచ్చి మరీ చంపారన్న కబురు అడవంతా పాకింది. ప్రతి ఒక్కరూ చచ్చేదాకా పోరాడుతున్నారు. ముందు పది నిమిషాల్లో తేలే గొడవకి ఇప్పుడు గంట. రెండు వారాల్లో మా క్లెరిక్ చచ్చాడు. అక్క ఎవరికీ నీతులు చెప్పలేదు, పాచిక వేస్తూ పోయింది.

ఇదంతా చూడ్డానికి రోగ్ ఆడే అమ్మాయి లేదు. ఆ ఆదివారం మధ్యలోనే బ్యాగ్ సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాతి రెండు వారాలూ రాలేదు. ‘ఆటలో గోబ్లిన్ చస్తే ఇంత ఓవరాక్షనా’ అని మావాడు గ్రూపులో ఒక మెసేజ్ కూడా పెట్టాడు. నేను ఫోన్ చేశాను.

‘వాడు చచ్చినందుక్కాదు’ అంది. ‘నేను మాటిచ్చాను. నన్నొక్క ముక్క కూడా అడగలేదు.’

కాసేపాగి అసలు సంగతి చెప్పింది. ఆమె ఒక కంపెనీలో టీమ్ లీడ్. ఆ నెల మొదట్లో ఉద్యోగాలు పోతాయన్న పుకారు వచ్చింది. ఇద్దరు జూనియర్లు భయపడి ఆమెని అడిగారు. ఒకమ్మాయికి అప్పుడే పెళ్లి కుదిరింది, ఇంకో అబ్బాయి ఇంటి లోన్ తీసుకున్నాడు. ఈమె పైవాళ్లని అడిగితే, మీ టీమ్‌కి ఏం కాదు, వాళ్లకి ధైర్యం చెప్పమన్నారు. చెప్పింది. మూడు వారాలకి ఇద్దరికీ మెయిల్స్ వెళ్లాయి. రూల్ ప్రకారం నోటీసు, రూల్ ప్రకారం డబ్బులు, అంతా పద్ధతిగా. పైవాళ్లని అడిగితే ఒకటే మాట: వ్యాపారం, తప్పలేదు.

‘వాళ్లు నన్ను తిట్టనైనా తిట్టలేదు. థాంక్యూ అక్కా అని వెళ్లిపోయారు’ అంది. ‘కట్లు విప్పబోతున్న చేతులు నావి. అర్థమైందా?’

అర్థమైంది. లాఫుల్ అనే పదానికి నాకు ఆ రోజు కొంచెం భయమేసింది. పద్ధతి తెలిసినవాడి కాఠిన్యం పాపం చేసినట్టు కూడా కనపడదు. ఫైల్‌లో అన్ని సంతకాలూ ఉంటాయి.

ఇదే కట్టేసిన ఖైదీ ప్రశ్న మనవాళ్ల దగ్గర ఎప్పుడో వచ్చింది. భాగవతం మొదటి స్కంధంలో అశ్వత్థామని అర్జునుడు కట్టేసి ద్రౌపది ముందుకి తెస్తాడు. నిద్రపోతున్న ఆమె ఐదుగురు కొడుకుల్నీ చంపినవాడు. గోబ్లిన్ కుర్రాడిలా ఏదో వేగు కాదు, నేరం కళ్లముందే ఉంది. భీముడు చంపాల్సిందే అంటాడు. చంపుతానని అర్జునుడు మాట కూడా ఇచ్చి ఉన్నాడు. విడిచిపెట్టమంటుంది ద్రౌపది, తనలా వీడి తల్లి కూడా ఏడవకూడదని. కృష్ణుడేమో చంపాలనే ధర్మమూ, చంపకూడదనే ధర్మమూ రెండూ నెరవేర్చమని అర్జునుడి మీదే వదిలేస్తాడు. మంచి డీఎం అంటే అదీ! అర్జునుడు అతని తల మీది మణిని జుట్టుతో సహా కోసి, తరిమేస్తాడు. మాట నిలిచింది, ప్రాణం మిగిలింది.

ఇందులో నాకు నచ్చేది దయ ఒక్కటే కాదు. ఆ గదిలో అందర్నీ అడిగారు. ముందు అడగాల్సిన మనిషిని, కడుపు కోత పడ్డ మనిషిని అడిగారు. దాంతో రెండే దారులున్న చోట మూడోది పుట్టింది. అర్జునుడు మెత్తనివాడేం కాదు కదా, అదే కురుక్షేత్రంలో అంతమందిని కూల్చినవాడు.

ఫోన్ సంగతి నేను మావాడికి చెప్పలేదు, అది నేను చెప్పాల్సింది కాదు. ఆమే చెప్పినట్టుంది. మూడో వారం ఇద్దరూ ఒకే బండి మీద దిగారు. ఆటలో మాత్రం ఆమె వదల్లేదు. రాత్రి కాపలాకి పాలడిన్‌తో కలిసి కూర్చోనని రోగ్ తెగేసి చెప్పింది. ఇప్పటికీ వాళ్లిద్దరి గుడారాలూ వేరే. మావాడు షీట్‌లో లాఫుల్ గుడ్ కొట్టేసి గడి ఖాళీగా ఉంచాడు, ఏం రాయాలో తేలాక రాస్తాడట. అక్క కూడా ఏమీ అనలేదు. అన్నట్టు, పాత పుస్తకాల్లోలా శక్తులు ఊడబెరకడం కంటే ఆ ఖాళీ గడి మావాణ్ని ఎక్కువ కుదురుగా ఉంచుతోంది. మొన్నొక బందిపోటు దొరికితే ముందు నా దగ్గర నిద్ర మంత్రం ఉందా అని అడిగాడు.

ఇంట్లో ఒంటరిగా ఆడేవాళ్లకి అక్కలాంటి డీఎం దొరకదు. అయినా ఒక మాట చెప్పాలి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ త్రీ ఇదే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్ మీద కట్టిన వీడియో గేమ్. అలైన్‌మెంట్ గడి పూర్తిగా తీసేశారు. పాలడిన్ ఒట్టు తప్పితే ఒక యోధుడు మీ మకాంలో ప్రత్యక్షమవుతాడు, వెయ్యి బంగారు నాణేలిస్తే ఒట్టు మళ్లీ దొరుకుతుంది. మన ప్రాయశ్చిత్తాల రేటు ప్రకారం చవకే. అందులో మింతారా అనే పాలడిన్ ఉంది, శత్రు సేనాని, దయ అన్న పదం ఎరగదు. మొదట్లో ఆమెని మన జట్టులోకి తెచ్చుకోవాలంటే ఒక్కటే దారి: ఆమెతో కలిసి, శరణు కోరి అడవి తోపులో తలదాచుకున్న జనాన్ని ఊచకోత కొయ్యాలి. కోస్తే మంచివాళ్లయిన ఇద్దరు సహచరులు జట్టులో ఉండరు. ఆమె కావాలా, ఆ జనం కావాలా, తేల్చుకోండి అన్నట్టు.

ఆటగాళ్లు తేల్చుకోలేదు. ఆమెని చంపకుండా ఎలా పడగొట్టాలి, తోపులోవాళ్లకి ఏమీ కాకుండా ఎలా దాటించాలి అని అడ్డదారులు వెతుకుతూ కూర్చున్నారు. కొందరైతే ఆమెని గొర్రెగా మార్చే మంత్రం దాకా వెళ్లారు. చివరికి ఆట తయారుచేసినవాళ్లే తర్వాతి అప్‌డేట్‌లో ఆ దారిని కోడ్‌లో పెట్టేశారు. ఇప్పుడు మింతారాని ప్రాణం తీయకుండా స్పృహ తప్పేలా కొట్టి వెళ్లిపోతే, కథలో ముందుకెళ్లాక మళ్లీ ఎదురవుతుంది. అక్కడ కాపాడితే మీతో వస్తుంది. స్వభావం మాత్రం ఇసుమంత మారదు, రాత్రి మంట దగ్గర కూర్చుని ఎవర్ని ఎలా చంపాలో మీకు సలహాలిస్తూనే ఉంటుంది. తోపులో జనం మాత్రం బతికే ఉంటారు.